పైచెల్లి అడుగులు

ఫిబ్రవరి 4, మంగళవారం

పై వాటాలోకి మనిషి దిగాడు. ఒక్కడేనట, ఏదో స్టూడియోలో పనట. ఫొటోలు తీస్తాడు కాబోలు. ఇవన్నీ ఇంటావిడే చెప్పింది, నేనేం అడగలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మనం ఊరికే మెట్ల దగ్గర నిలబడితే చాలు.

నిలబడ్డాను కాసేపు.

అప్పుడే ఎదురయ్యాడు. యాభై ఉంటాయి. నా మొహంకేసి చూళ్లేదు, నా కాళ్లకేసి చూసి పక్కకి తప్పుకున్నాడు. ఇలాంటివాళ్లకి పేరెందుకు? నేలచూపులు అని రాసుకుంటా.

ఫిబ్రవరి 6

మోకాలు సలుపుతోంది. షాపులో పొద్దస్తమానం నిలబడితే సలపక ఏం చేస్తుంది? మందు రాసుకుని కూర్చుంటే పైన చప్పుడు. చెప్పుల చప్పుడు. ఆడవాళ్ల చెప్పులు!

ఇన్నేళ్లుగా చెప్పుల షాపులో జనం కాళ్ల దగ్గర కూర్చుని బతుకుతున్నదాన్ని, ఈ విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేరు. అవి హీల్స్. ఐదో నంబరు. మనిషి సన్నం, దిగులు మనిషి. ఒక్కడేనని చెప్పాడు కదా ఇంటావిడకి? మరి హీల్స్ ఎవరివి, వాళ్ల తాతవా?

నేనేం చెవులు రిక్కించి వినలేదు. పరాయివాళ్ల గొడవ మనకెందుకు? కుర్చీ మంచం మీదకి ఎక్కించి దాని మీద కూర్చున్నాను, అంతే. కింద ఇల్లు ఊడ్చాలి కదా.

ఫిబ్రవరి 9

అక్క ఫోన్. సంగతి చెప్తే, "ఒంటరిగా ఉండి ఉండి నీ బుర్ర తిరుగుతోందే బాతూ, మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండు" అంది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఇదే పాట. వెళ్తే బావ టీవీ, పిల్లల ఫోన్లు, అక్క ప్రశ్నలు. నా ఇల్లే నాకు హాయి.

బాతు అనేది నా నడక చూసి చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు. నా ఎడమ కాలు బతిమాలితేగాని రాదట. అమ్మయితే ఆ నడక మెట్ల మీద ఉండగానే పోల్చుకునేది. నేను తాళంచెవి పెట్టకముందే లోపల్నుంచి "వచ్చావా?" అని కేక. "రాకపోతే నేనెవరినే, దెయ్యాన్నా?" అని విసుక్కునేదాన్ని.

సరే, అది కాదు రాయాల్సింది. పైన ఇవాళ కూడా నడిచింది.

ఫిబ్రవరి 12

దానికో పేరుండాలి. పైచెల్లి అంటాను. నాకంటే చిన్నదేనని అడుగులోనే తెలుస్తోంది.

ఎడమ అడుగు కాస్త ఆలస్యంగా పడుతోంది దానికి. అయ్యో పాపం, అచ్చం నాలాగే! ఎంతసేపు నిలబెడుతున్నాడో ఆ నేలచూపులు. గదిలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తుంది, ఆగుతుంది. చాలాసేపు అలాగే నిలబడిపోతుంది. తర్వాత తాళంచెవుల గలగల. మళ్లీ మొదట్నుంచీ. అదే నడక, అదే ఆగడం, అదే గలగల.

తాళంచెవులు దాని చేతిలోనే ఉన్నాయి కదా. మరి బయటికెందుకు రాదు?

ఆ ఆగడం ఉంది చూశావూ, అది వింటుంటే నేనూ చేతిలో పని ఆపేస్తాను. ఎందుకో తెలీదు.

ఫిబ్రవరి 13

అదే నడక.

ఫిబ్రవరి 15

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. నేలచూపులు మా షాపుకొచ్చాడు!

కౌంటరు వెనకాల ఉన్నాను, నా కాళ్లు కనపడవు, కాబట్టి నేనెవరో వాడికి తెలీలేదు. "ఆడవాళ్ల హీల్స్ కావాలండీ, ఉన్నవాటిలో పెద్ద సైజు" అన్నాడు. తొమ్మిదో నంబరు తీయించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఐదో నంబరు కాళ్లకి తొమ్మిదో నంబరు! పారిపోకుండా!

ఇంతటితో అయిందా? జోళ్లు పట్టుకుని కౌంటరు మీద టక్కు టక్కుమని కొట్టాడు. కళ్లు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపి, "దీంట్లో దిగులు లేదండీ, ఇంకోటి చూపిస్తారా?" అన్నాడు.

దిగులు లేదట! చెప్పులు కరుస్తున్నాయన్న వాళ్లని చూశాను, వదులన్న వాళ్లని చూశాను, ఇంటికెళ్లి కుక్కకి వేసి మార్చమన్న వాళ్లని కూడా చూశాను. దిగుల్లేదన్నవాణ్ని ఇదే చూడ్డం. మా ఓనరు నావైపు చూసి, బేరం పోగొట్టకు అన్నట్టు కళ్లెర్రజేశాడు.

ధైర్యం చేసి, "ఆవిణ్ని తీసుకొస్తే కాలికి సరిపోయేది ఇద్దును కదండీ" అన్నాను.

"ఎవర్ని?"

"వేసుకునే ఆవిణ్ని."

మొహం కందగడ్డలా అయింది. "ఆవిడ... రాదండీ" అని నసిగి, నాలుగో జత దగ్గర "ఆ, ఇదీ!" అని మురిసిపోయి పట్టుకుపోయాడు.

ఫిబ్రవరి 16

చీపురు కర్రతో పైకప్పు మీద రెండుసార్లు కొట్టాను. నేనిక్కడున్నాను అని.

అడుగులు టక్కున ఆగిపోయాయి. కాసేపటికి పై నుంచి టక్, టక్. రెండు!

ఎంత ఏడ్చానో. అమ్మ పోయాక ఈ ఇంట్లో నేను చేసిన చప్పుడుకి బదులు రావడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 19

పొద్దున్నే గిన్నెలో అన్నం, కూర పెట్టి చప్పుడు కాకుండా పైన గుమ్మం ముందుంచి వచ్చేశాను. సాయంత్రానికి గిన్నె తళతళా తోమి, బోర్లించి పెట్టి ఉంది. ఎంత పద్ధతైన పిల్ల! ఇలాంటిదాన్ని పట్టుకుని బంధిస్తాడా వాడు?

ఫిబ్రవరి 22

ఈమధ్య షాపు మూసేదాకా కాలు నిలవడం లేదు. దారంతా దానికి చెప్పాల్సిన కబుర్లు పోగేసుకుంటూ వస్తున్నాను. ఇవాళ ఒకావిడ రెండు కాళ్లకీ రెండు సైజులు కావాలని ఓనరుతో పేచీ పెట్టుకుంది. ఇంటికొచ్చి పైకప్పుకేసి చూస్తూ అదంతా చెప్పాను. మంచి చోట నడక ఆపింది. వింటోందన్నమాట.

అక్క ఫోన్లో, "ఏంటే, గొంతులో నవ్వుంది?" అంది. ఏం లేదన్నాను.

ఫిబ్రవరి 25

నేలచూపులు బయటికెళ్లడం కిటికీలోంచి చూసి పైకెళ్లాను. తలుపుకి నోరు ఆనించి, "చెల్లీ, భయపడకు, కింద నేనున్నాను" అన్నాను. లోపల గోడగడియారం ఒక్కటే. కానీ వింటోంది, నాకు తెలుసు.

వెనకనుంచి ఇంటావిడ, "తలుపుతో మాట్లాడుతున్నావేంటమ్మాయ్?"

"మాట్లాడ్డమేంటి? నేనెందుకు మాట్లాడతాను? నాకేం పిచ్చా? చెప్పు తెగితే వంగాను" అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అన్ని మాటలు అక్కర్లేదు, ఒక్కటి చాలేది. పైగా నా కాళ్లకి చెప్పుల్లేవు. ఆవిడ అదీ చూసింది.

మార్చి 2, ఆదివారం

అయిపోయింది. అంతా అయిపోయింది. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం సెలవు. భోంచేసి పడుకున్నాను. పైన పైచెల్లి నడక. కాసేపటికి దాని వెనకాలే ఇంకో నడక, బూట్లది. ఇది ఆగితే అదీ ఆగుతోంది. ఇది పరిగెత్తింది. అదీ పరిగెత్తింది. దబ్బుమని ఎవరో పడ్డారు. బరువేదో ఈడుస్తున్న చప్పుడు. తర్వాత ఫట్‌మని ఎముక విరిగినట్టు, ఒకటి కాదు, వరసగా. ఆ తర్వాత కత్తి దిగే చప్పుడు, కస్సు, కస్సు.

చీపురు కర్ర ఎప్పుడు తీశానో, మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. మోకాలు గుర్తే రాలేదు. "అమ్మగారూ, చంపేస్తున్నాడండీ!" అని అరుస్తుంటే ఇంటావిడ తాళాల గుత్తితో పరిగెత్తుకొచ్చింది. తలుపు తోశాం. అది గడియ వేసి కూడా లేదు.

నేలచూపులు గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. ఒక కాలికి నేనమ్మిన తొమ్మిదో నంబరు హీల్, రెండో కాలికి బూటు. చేతిలో కత్తి, కత్తికి గుచ్చుకుని ఇంత క్యాబేజీ. నేల మీద ఇసుక బస్తా, దాని చుట్టూ విరగ్గొట్టిన ముల్లంగి ముక్కలు. మూల బల్ల మీద మైకు. ఇంకెవరూ లేరు.

"అదేదీ?" అన్నాను.

"ఏదండీ?"

"అదే. మా చెల్లి."

అతను నా కాళ్లకేసి చూశాడు. "ఓహో, కింద వాటా మీరేనా!" అన్నాడు, పాత చుట్టాన్ని చూసినట్టు.

సినిమాల్లో అడుగులు, తలుపులు, దెబ్బలు, ఈ చప్పుళ్లేవీ షూటింగులో సరిగ్గా పడవట. తర్వాత ఒక మనిషి తెర మీద బొమ్మ చూస్తూ అవన్నీ మళ్లీ చేస్తాడట. ఆ మనిషి ఈయనే. సినిమాలో హీరోయిన్ కాళ్లన్నీ ఈయన కాళ్లేనట. స్టూడియో గదికి మరమ్మతు జరుగుతోందని ఇంట్లో సాధన చేసుకుంటున్నాడు.

"రెండు దెబ్బలు కొట్టింది?" అన్నాను.

"గోలగా ఉందని మీరు కొట్టారనుకున్నాను. క్షమించండని నేనూ కొట్టాను."

"గిన్నె?"

"ఇంటావిడ పంపారనుకున్నానండీ. బాగుంది. ఉప్పే కాస్త..."

సినిమా కథ కూడా చెప్పాడు. ఒంటరిగా ఉండే ఆడమనిషి. ముక్కూ మొహం తెలియని మనిషి మీద ప్రాణం పెట్టుకుని, కిటికీలోంచి రాకపోకలు కనిపెట్టి, తలుపు దగ్గర నిలబడి మాట్లాడి, చివరికి కత్తి దాకా వెళ్తుంది. "పిచ్చిదండీ, పాపం" అన్నాడు.

"అవునండీ, పాపం" అన్నాను, చీపురు కర్ర వెనక్కి దాచుకుంటూ.

ఇంటావిడ నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడింది. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

మార్చి 3

ఏం లేదు.

మార్చి 4

వీధంతా తెలిసింది. అక్కకి నేనే చెప్పాను. నవ్వి నవ్వి మాట రాక ఫోను బావకిచ్చింది. ఆయనా నవ్వాడు. చివర్లో అక్క, "పోనీలేవే, ఎవరికీ ఏం కాలేదు కదా" అంది.

మార్చి 6

లేని మనిషి పోతే ఏడవచ్చా?

అమ్మ పోయినప్పుడు అందరూ వచ్చారు. ఈ పిల్లకోసం ఎవరొస్తారు? ఎవరికి చెప్పుకోను? షాపు నుంచి వస్తూ కబుర్లు పోగేసుకున్నాను, అలవాటు కొద్దీ. మెట్ల దాకా వచ్చాక గుర్తొచ్చింది. అవన్నీ ఏం చేసుకోవాలి?

నాకు దిగులుగా ఉంది. రాసేశాను, అయిపోయింది.

మార్చి 9

పైన నిశ్శబ్దం. మేజోళ్లతో నడుస్తున్నాడు, నాకు ఇబ్బంది కలగకూడదని. మర్యాదస్తుడు. మర్యాదతో చంపుతున్నాడు.

జులై 12, శనివారం

ఇన్నాళ్లూ రాయలేదు. రాయడానికేముంది? చెప్పులు అమ్మాను, మందు రాసుకున్నాను.

ఇవాళ ఆయన మళ్లీ షాపుకొచ్చాడు. ఈసారి కౌంటరు మీదుగా వంగి కాళ్లు చూసుకుని, మీరేనని ఖాయం చేసుకున్నాకే మాట్లాడాడు. సినిమా వచ్చిందట. రెండు టికెట్లు కౌంటరు మీద పెట్టి, "చూడక్కర్లేదు, వినండి చాలు" అన్నాడు. కోపం ఎక్కడ పెట్టానో వెతుక్కునేలోపే వెళ్లిపోయాడు. అక్కకి ఫోన్ చేశాను. క్యాబేజీని తెర మీద చూడాలని ఎగిరి గంతేసింది.

జులై 13

అక్కా నేనూ వెళ్లాం. మొదటి పావుగంట ఇద్దరం ఆ హీరోయిన్ని ఆడిపోసుకున్నాం. ఏం పిచ్చిదమ్మా! ఎవడో తెలీనివాడి కోసం కిటికీ దగ్గర కాపలానా? ఇంట్లో ఏ పనీ లేదా? "నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారటే ఇలాంటివాళ్లు?" అని అక్క మోచేత్తో పొడిచింది. నేను తెరకేసి చూశాను.

తర్వాత ఆ పిల్ల పని ముగించుకుని ఇంటికొస్తుంది. సంగీతం ఆగిపోయింది. మెట్ల మీద ఒట్టి అడుగులు. కుడి. ఆలస్యంగా ఎడమ. కుడి. ఆలస్యంగా ఎడమ.

నా ప్రాణం లేచొచ్చింది. "అక్కా, ఇదే! ఇదే మా పైచెల్లి!" అని దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎన్నాళ్లకి విన్నానో! ఎక్కడికీ పోలేదు, ఉంది.

అక్క నవ్వలేదు. తెరకేసి చూసింది. నాకేసి చూసింది.

"ఒసేయ్ బాతూ, ఇది నీ నడకే" అంది.

"నోర్ముయ్."

"నాకు తెలీదా? బతిమాలితేగాని రాని కాలు! ఇది నువ్వేనే."

తెర మీద ఆ పిల్ల తలుపు ముందుకొచ్చి ఆగింది. చేతిలో తాళంచెవులున్నాయి. అయినా తియ్యదు. అలాగే నిలబడింది. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. అప్పుడు గలగల.

"చూశావా, నేను కాదు" అన్నాను. "నేనెప్పుడూ అలా తలుపు ముందు ఆగను."

"ఏమోనే" అంది అక్క. "నువ్వు తలుపు తీసేటప్పుడు నీ వెనక ఎవరున్నారు చూడ్డానికి?"

మిగతా సినిమా ఏం జరిగిందో నాకు తెలీదు. కత్తి దిగినప్పుడు మాత్రం అక్క "క్యాబేజీ!" అని పెద్దగా అనేసింది.

జులై 14

పొద్దున అక్క వెళ్లిపోయింది. సాయంత్రం షాపు నుంచి వచ్చి, మెట్లెక్కి, తలుపు ముందు నిలబడి ఉన్నాను. నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది. తాళంచెవి చేతిలోనే ఉంది. ఎంతసేపట్నుంచో!

సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. తలుపు తియ్యకుండా తిన్నగా పైకెళ్లాను. తట్టకముందే తలుపు తెరుచుకుంది.

"పై మెట్ల మీద మీ అడుగు వినడం ఇది రెండోసారి" అన్నాడు. "మొదటిసారి పరిగెత్తారు, లెక్కలోకి రాదు."

"నా ఎడమ కాలు అంత ఆలస్యంగా పడదు" అన్నాను. "మీరు ఎక్కువ చేశారు."

"లేదండీ, తగ్గించాను. ఉన్నదున్నట్టు చేస్తే జనం నమ్మరు."

నవ్వాలా తిట్టాలా తెలీలేదు. రెండూ చేశాను. దర్శకుడు ఒంటరి మనిషి నడక కావాలన్నాడట. ఈయన ఎన్ని చెప్పులు మార్చినా, ఎంత మెల్లగా నడిచినా అది రాలేదట. ఈ ఇంట్లో దిగిన మొదటి సాయంత్రమే మెట్ల మీద నేను వినపడ్డానట. అడక్కుండా తీసుకున్నందుకు తప్పయిందన్నాడు. "చెప్దామనే షాపుకొచ్చాను. మొహం చూసి చెప్పడం చేతకాక టికెట్లు పెట్టి వచ్చేశాను" అన్నాడు.

"ఒకటి అడగొచ్చా?" అన్నాడు తర్వాత. "తలుపు ముందు ఎందుకు ఆగుతారు?"

"తాళంచెవి వెతుక్కోవద్దూ?"

"కాదండీ. తాళంచెవులు మెట్ల మీదే మీ చేతిలో మోగుతుంటాయి. మీరు దేనికోసమో వింటారు. ఏం వింటారో తెలిస్తే ఇంకా బాగా చేసేవాణ్ని."

చెప్పకూడదనుకున్నాను. గడప మీద నిలబడే చెప్పేశాను. అమ్మ సంగతి, "వచ్చావా?" అనే కేక సంగతి, నేను విసుక్కున్న సంగతి. చెప్తూ చెప్తూ నాకే అర్థమైంది, రోజూ ఆ కేక కోసమే నిలబడుతున్నానని. అక్కకి కూడా ఎప్పుడూ చెప్పలేదు ఇది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి?

ఆయన ఓదార్చలేదు. అలాంటివి ఆయనకి రావనుకుంటా. నేలకేసి చూస్తూ విన్నాడు, అంతే. నేను దిగి వస్తుంటే, "ఎడమ మోకాలికి మెత్తటి మడమ ఉన్న జోళ్లు మంచివండీ" అన్నాడు. చెప్పులమ్మేదానికి చెప్పుల సలహా!

జులై 15, మంగళవారం

మెత్తటి మడమ జోళ్లు తీసుకున్నాను. చప్పుడు తక్కువే. అయినా ఎడమ కాలు ఎడమ కాలే.

మెట్లెక్కాను. తలుపు ముందుకొచ్చాను. ఆగకూడదనుకున్నాను, ఆగాను. లోపల చీకటి, ఎవరూ లేరు. అది నాకు తెలిసిందే.

పై నుంచి టక్, టక్.

తాళం తీసి, బ్యాగు కింద పడేసి, లైటు కూడా వెయ్యకుండా చీపురు కర్ర కోసం వెతికాను. తలుపు మూల దొరికింది. పైకప్పు మీద రెండు కొట్టాను.

వచ్చాను.